పద్నాలుగో నంబరు తాతకు అర్హత పత్రం

మతిమరుపు ఉన్నవాళ్ళు బండి నడపవచ్చా, నడపకూడదా అనే చిక్కు ప్రశ్నను మా లైసెన్సుల కార్యాలయం శాశ్వతంగా పరిష్కరించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. కొత్త పద్ధతి అమల్లోకి వచ్చిన రెండేళ్ళలో మా పరిధిలో మతిమరుపు వల్ల లైసెన్సు పోగొట్టుకున్నవాళ్ళు ఒక్కరంటే ఒక్కరు లేరు. కాబట్టి మా ఊళ్ళో మతిమరుపే లేదని పైవాళ్ళు నిర్ధారణకు వచ్చి మాకొక ప్రశంసాపత్రం పంపారు. దాన్ని భద్రంగా ఎక్కడో పెట్టాం. వెతుకుతున్నాం. దొరకగానే గోడకు తగిలిస్తాం.

నేను ఆ కార్యాలయంలో సీనియర్ గుమాస్తాను. మూడో కిటికీ నాది. ఇరవై రెండేళ్ళుగా ఆ కిటికీలోంచే లోకాన్ని చూస్తున్నాను కనుక, లోకమంటే వరసలో నిలబడి, చేతిలో కాగితాలు పట్టుకుని, కాస్త చెమట పట్టి ఉండేదని నా అభిప్రాయం. మా ఆవిడ దీన్ని ఒప్పుకోదు. రోజూ పావు తక్కువ నాలుగింటికి ఆఫీసు ఫోన్ నుంచి ఇంటికి ఒక ఫోన్ చేసుకోవడం తప్ప నాకు వేరే దురలవాట్లు లేవు. ఆ ఫోన్ సంగతి చివర్లో చెబుతాను.

ముందుగా మా పద్ధతి. ఎవరికైనా మరుపు వస్తోందని ఇంటివాళ్ళో, డాక్టరో, ఇరుగుపొరుగో ఫిర్యాదు చేస్తే, ఆ మరుపు వస్తున్న మనిషి పేరునే మేం రిజిస్టరు ఉత్తరం పంపుతాం. ఫలానా తేదీ ఉదయం పదిన్నరకు, సొంత బండిలో, ఈ ఉత్తరమూ, రెండు ఫొటోలూ, పాత లైసెన్సూ వెంటబెట్టుకుని హాజరు కావలెను అని అందులో ఉంటుంది. కింద లావుపాటి అక్షరాల్లో ‘మరచిపోరాదు’ అని కూడా వేయిస్తాం. ఇన్ని చెప్పాక వచ్చినవాళ్ళు తేదీ గుర్తుపెట్టుకుని, ఫొటోలు గుర్తుపెట్టుకుని, దారి గుర్తుపెట్టుకుని వచ్చినవాళ్ళే కదా, వాళ్ళకు మరుపేమిటి? ఇక రానివాళ్ళంటారా, ఎదుట లేని మనిషికి మరుపున్నట్టు రుజువు కాలేదు కనుక వాళ్ళ పాత లైసెన్సు యథాతథంగా కొనసాగుతుంది.

ఒకావిడ తన భర్త గురించి వచ్చి, “రానివాళ్ళే కదండీ అసలు మర్చిపోయేవాళ్ళు?” అని నా కిటికీ దగ్గర అడిగింది. ఇలాంటి తలతిక్క ప్రశ్నలకు జవాబివ్వడానికే మాకొక అధికారి ఉన్నారు. మేం ఆయన్ను పెద్దసారు అంటాం. “అమ్మా, కంటికి కనబడని మనిషి మీద తీర్పు చెప్పడం న్యాయం కాదు. రేపు మీకే అలా జరిగితే ఊరుకుంటారా?” అన్నారు పెద్దసారు. ఆవిడ వెళ్ళిపోయింది. భర్త బయట కారులో, ఇంజను ఆపకుండా, ఎందుకొచ్చారో తెలియక హారన్ కొడుతూ కూర్చున్నారు.

వచ్చినవాళ్ళకు మూడు అంచెల పరీక్ష ఉంటుంది. మొదటిది జ్ఞాపకశక్తి. మూడు మాటలు చెప్పి, ఐదు నిమిషాలయ్యాక తిరిగి చెప్పమంటాం. ఆ మూడు మాటలు గొడుగు, నిచ్చెన, బకెట్టు. కమిటీ ఆమోదం లేకుండా వీటిని మార్చకూడదు, కమిటీ ఇంతవరకూ సమావేశం కాలేదు. పైగా అంతా పారదర్శకంగా ఉండాలని ఆదేశం వచ్చింది కాబట్టి వాటిని పెద్ద అక్షరాలతో రాసి పరీక్ష గది గోడకు అంటించాం. మా వీధి మొగలో ఉన్న డ్రైవింగ్ స్కూలువాళ్ళు ‘వారంలో జ్ఞాపకశక్తి’ అని బోర్డు కట్టి ఈ మూడు మాటల్నే ఏడు రోజులు వల్లె వేయిస్తున్నారు. ఊళ్ళో చంటిపిల్లలు అమ్మ, నాన్న తర్వాత నిచ్చెన అంటున్నారని వినికిడి.

రెండోది కాలజ్ఞానం. ఇప్పుడు టైమెంత అని అడుగుతాం. పరీక్ష గదిలో గోడ గడియారం పన్నెండూ పది దగ్గర ఆగిపోయి మూడేళ్ళయింది. బాగుచేయించమని కాగితం పెట్టాం, ఆ కాగితం బల్ల మారింది. సరైన జవాబు ‘గోడ గడియారంలో ఉన్నది’ అని పట్టికలో రాసుంది కనుక పన్నెండూ పది అన్నవాళ్ళకే మార్కు. మూడోది బండి నడపడం. మా ఆవరణ నిండా కేసుల్లో పట్టుకున్న వాహనాలు తుప్పుపడుతూ ఉంటాయి. గేటుకూ నీళ్ళ ట్యాంకుకూ మధ్య మిగిలిన జాగా పది గజాలు. అందులో ముందుకు పది గజాలు, వెనక్కి పది గజాలు నడిపి చూపిస్తే చాలు.

ఇంత పకడ్బందీ పద్ధతికే పరీక్ష పెట్టిన మనిషి పద్నాలుగో నంబరు తాత.

ఆయన మా వీధిలోనే, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటారు. నలభై ఏళ్ళు పద్నాలుగో నంబరు బస్సు నడిపారు. ఆ నలభై ఏళ్ళలో బస్సుకు చిన్న సొట్ట కూడా పడలేదు. ఉద్యోగం నుంచి దిగిపోయాక నంబరు మాత్రం ఆయన్ను వదల్లేదు, వీధి వీధంతా అలాగే పిలుస్తుంది. కూతురి దగ్గర ఉంటారు. కూతురిది ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే పని, సాయంత్రం ఆరయ్యేదాకా రాదు. అల్లుడిది ఫ్యాక్టరీలో షిఫ్టు. అందుకని మూడో తరగతి చదివే మనవరాలిని బడి నుంచి తన పాత కారులో తీసుకొచ్చే బాధ్యత తాతది. బడి నుంచి ఇంటికి పది నిమిషాల దారి. వాళ్ళు గంటంబావుకి వచ్చేవారు.

కారణం సులువు. మనవరాలు వెనక సీట్లో కూర్చుని తలుపు వేసేసరికి ఆయన చేతులు పద్నాలుగో నంబరు దారి పట్టేవి. పాత స్టాపు ప్రతిదాని దగ్గరా కారు ఆపేవారు. ఆ బస్సు ఎత్తేసి ఏళ్ళయింది, స్టాపుల్లో జనం మాత్రం ఎప్పటిలాగే ఏదో ఒకటి రాకపోతుందా అని నిలబడి ఉంటారు. కారు తలుపు తీసి, “ఎక్కండెక్కండి, లోపలికి జరగండి” అని పెద్దమనిషి అంటుంటే ఎక్కనివాడెవడు? ముగ్గురు నలుగురు ఎక్కేవారు. మనవరాలు నోట్‌బుక్కులో కాగితాలు చింపి టిక్కెట్లిచ్చేది. పాత కండక్టరు తాతకు జ్ఞాపకంగా ఇచ్చిన విజిల్ ఆ పిల్ల మెడలో ఉండేది. ఒకసారి ఊదితే ఆగాలి, రెండుసార్లు ఊదితే కదలాలి. ఆయన పేర్లు మర్చిపోయేవారు, తిన్నది మర్చిపోయేవారు, ఒక్కోసారి వెనక కూర్చున్నది ఎవరో కూడా మర్చిపోయి “కండక్టరమ్మా” అనేవారు. విజిల్ మాట మాత్రం ఏనాడూ జవదాటలేదు.

దారి చివర డిపో. అక్కడే వచ్చింది చిక్కు. డిపోను పడగొట్టి, ఏడేళ్ళ కిందట అక్కడ పిల్లల పార్కు కట్టారు. బస్సులు పట్టే పెద్ద గేటు మాత్రం గట్టిగా ఉందని అలాగే ఉంచేశారు. దానికి ఎప్పుడూ తాళం ఉంటుంది, జనం పక్కనున్న చిన్న తలుపులోంచి వెళ్తారు. గేటు అవతల, సరిగ్గా బస్సులు నిలిపేచోట, ఇసక పోసి పిల్లలు ఆడుకునే గుంట చేశారు. తాత రోజూ గేటు ముందు ఆపి, రెండుసార్లు హారన్ కొట్టి, ఎవరూ తీయకపోతే పాత వాచ్‌మన్‌ను రెండు తిట్లు తిట్టి, పిల్ల విజిల్ ఊదగానే బండి తిప్పుకుని ఇంటికి వచ్చేవారు. ఇసక గుంటకూ కారుకూ మధ్య ఉన్నది ఆ తాళం ఒక్కటే.

కూతురికి ఇది తెలిసింది పిల్ల నోట్‌బుక్కు వల్ల. నెలకో నోట్‌బుక్కు ఎందుకు కావాలే అని గద్దిస్తే పిల్ల టిక్కెట్ల సంగతి చెప్పేసింది. ఆవిడ మర్నాడే తండ్రిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు చాలాసేపు పరీక్షించి, మరుపు వ్యాధి ఉందనీ, పెరుగుతుందనీ చెప్పి, బండి నడపడం గురించి ‘సంబంధిత అధికారులు నిర్ణయించగలరు’ అని చీటీ రాశాడు. ఆవిడ చీటీ పట్టుకుని నా కిటికీకి వచ్చింది. పెద్దసారు దాని వెనకవైపు ‘వైద్య విషయం కనుక డాక్టరుగారు నిర్ణయించగలరు’ అని రాసి సంతకం పెట్టారు. ఆవిడ ఆ చీటీతో ఆరుసార్లు అటూ ఇటూ తిరిగింది. మడతల దగ్గర చిరిగితే నేనే దయతలచి టేపు అంటించి ఇచ్చాను.

అల్లుణ్ణి చెప్పమంటే, “మావయ్యకి నేను చెబితే ఏం బావుంటుంది? అల్లుడు కారు లాక్కున్నాడంటారు” అని అతను షిఫ్టుకు వెళ్ళిపోయాడు. వీధిలో పెద్దవాళ్ళను అడిగితే, “మీ ఇంటి విషయం కదమ్మా” అన్నారు. పిల్లి మెడలో గంట కట్టాలని అందరూ ఒప్పుకున్నారు, ఒక్క ఎలుక కూడా ముందుకు రాలేదు. చివరికి ఆవిడే కట్టబోయింది. ఏమైందని నేను అడగలేదు, అయినా ఆవిడ నా కిటికీ ఊచలు పట్టుకుని చెప్పింది.

“కొన్నాళ్ళు బండి తీయకు నాన్నా అన్నానండీ. ‘నువ్వు చెబితే మానను. నలభై ఏళ్ళు నడిపినవాణ్ణి. ఆఫీసువాళ్ళు వద్దంటే మాత్రం ఆ రోజే మానేస్తాను. వాళ్ళ మాటకి ఎదురాడేవాణ్ణి కాదు’ అన్నారు. పరీక్ష అయ్యేదాకా తాళంచెవి కూడా నాకిచ్చేశారు. ఒక్క మాటండీ. మీరు వద్దని ఒక్క మాట రాసిస్తే చాలు. ఆయన మళ్ళీ బండి తీస్తే వెనక సీట్లో కూర్చునేది నా బిడ్డే.”

చీటీ తీసుకుని ఫైలులో పెట్టాను.

రెండు ఉత్తరాలు పంపాం, ఆయన రాలేదు. మా పద్ధతి ప్రకారం అక్కడితో ఆయనకు మరుపు లేనట్టే. కానీ కూతురు వదలకుండా, మూడోసారి తనే సెలవు పెట్టి, తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని వచ్చింది. తాత ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని, పదిన్నరకు పది నిమిషాల ముందే వచ్చి, బల్ల మీద నిటారుగా కూర్చున్నారు. ఆయన ముఖంలో భయం లేదు. పరీక్ష పెట్టేవాళ్ళంటే ఆయనకు గౌరవం, అది చూస్తే నాకే కాస్త ఇబ్బందిగా అనిపించింది.

“ఎక్కడి నుంచి వస్తున్నారు?” అని మొదలుపెట్టారు పెద్దసారు.

“డిపో నుంచండీ.”

“సార్, డిపో తీసేసి ఏడేళ్ళయింది,” అంది కూతురు.

“అభ్యర్థి తరఫున జవాబులు చెప్పకూడదు,” అని పెద్దసారు ‘వృత్తి పట్ల నిబద్ధత ఉన్నది’ అని రాసుకున్నారు.

మూడు మాటలు చెప్పి, ఐదు నిమిషాలు టీ తాగి వచ్చాం. తాతకు ఒక్క మాటా గుర్తులేదు. కానీ నలభై ఏళ్ళు బోర్డులు చదివిన కళ్ళు, గది చుట్టూ ఒకసారి తిరిగి గోడ మీద ఆగాయి. “గొడుగు, నిచ్చెన, బకెట్టు. అక్కడ రాసినవేనా బాబూ?” అన్నారు. నిజాయితీకి అదనంగా ఒక మార్కు వేశాం. టైమెంత అంటే మాత్రం ఆయన చేతి గడియారం చూసుకుని, “పదకొండు కావడానికి నాలుగు నిమిషాలుంది” అని ఖచ్చితంగా చెప్పారు. అది తప్పు జవాబు కనుక ఒక మార్కు పోయింది. పరీక్ష మొత్తంలో ఆయన పోగొట్టుకున్నది ఆ ఒక్క మార్కే.

ఇక బండి. ఆయన ముందు నాలుగు టైర్లూ తట్టి చూశారు. అద్దం తుడిచారు, సీటు సర్దుకున్నారు. తుప్పుపట్టిన లారీకీ ట్యాంకుకూ మధ్య పది గజాలు ముందుకీ, పది గజాలు వెనక్కీ, నిండు గ్లాసు ఒలకనంత నెమ్మదిగా నడిపారు. మా పరీక్షాధికారి నిరుడు అక్కడే రెండుసార్లు ట్యాంకును గుద్దాడు. సిబ్బందంతా కిటికీల్లోంచి తొంగిచూసి చప్పట్లు కొట్టారు. కూతురు మాత్రం కొట్టలేదు.

“సార్, నాన్న బండి బాగానే నడుపుతారండీ,” అంది. “ఎక్కడికి నడుపుతున్నారో ఆయనకి తెలీదు. అదే నేను చెప్పేది.”

“ఎక్కడికి వెళ్ళాలన్నది పౌరుడి సొంత స్వేచ్ఛమ్మా,” అన్నారు పెద్దసారు. “దాంట్లో మేం తలదూర్చం.”

అప్పటికప్పుడు అర్హత పత్రం తయారైంది. మానసికంగా దృఢంగా ఉన్నారు, ఐదేళ్ళు చెల్లుతుంది. అదే వారం మా కార్యాలయంలో జ్ఞాపకశక్తి వారోత్సవం కావడంతో తాతను వేదిక ఎక్కించి, పాత స్టాపుల పేర్లు చెప్పించి, పూలగుత్తి ఇచ్చి, పెద్దసారు ప్రసంగించారు. “ఈనాటి కుర్రకారుకు పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. ఈ మహానుభావుణ్ణి చూడండి! నలభై ఏళ్ళ నాటి స్టాపులన్నీ వరసాగ్గా అప్పజెప్పారు! అనుభవమే అద్దం, క్రమశిక్షణే బ్రేకు! ఇటువంటివారి చేతుల్లోనే మన రహదారులూ, మన పసిపిల్లల భవిష్యత్తూ భద్రంగా ఉన్నాయని...” ఇక్కడ తాత పేరు చెప్పవలసి వచ్చి, పెద్దసారు నావైపు చూశారు. నేను అందించాను. తాత చేతులు జోడించి అందరికీ నమస్కారం పెట్టారు. చివరి వరసలో కూతురు తల వంచుకుని కూర్చుంది.

ఆ పత్రానికి ప్లాస్టిక్ అట్ట వేయించి తాత కారు అద్దానికి వేలాడదీశారు. ఆఫీసువాళ్ళు వద్దంటే మానేస్తానన్న మనిషి, ఆఫీసువాళ్ళు సరేనన్నాక తాళంచెవి తిరిగి తీసుకున్నారు. కూతురు స్కూలు వ్యాను మాట్లాడింది. తాత వ్యాను కన్నా ముందే బడికి వెళ్ళేవారు. పిల్లను ఆయనతో పంపవద్దని ఆవిడ బడిలో చెబితే, పంతులమ్మ పత్రం చూసి, “గవర్నమెంటే ఇచ్చాక మేమెవరమండీ కాదనడానికి?” అంది. అంతకుముందు ఎక్కడానికి కాస్త జంకిన ప్రయాణికులు కూడా పత్రం చూసి ధైర్యంగా ఎక్కసాగారు. కొందరు టైముకి రావడం లేదని తాతను గదమాయించేవారు కూడా.

ఇక గేటు తెరుచుకున్న రోజు. నేను అక్కడ లేను. పార్కు వాచ్‌మనూ, పిల్లల తల్లులూ ఆ సాయంత్రమే చెప్పిన మాటలు కలిపి రాస్తున్నాను. అప్పటికి ఇంకా విచారణ మొదలవలేదు కనుక అందరికీ అన్నీ గుర్తున్నాయి.

ఆ రోజు పార్కుకు మట్టి లారీ వచ్చింది. వాచ్‌మన్ పెద్ద గేటు బార్లా తీసి, లారీ వెళ్ళాక వేద్దామనుకుని టీకి వెళ్ళాడు. తాత కారు వచ్చింది. ఇన్నాళ్ళకు డిపో గేటు తీసి ఉండటం చూసి ఆయన ముఖం వెలిగిపోయిందట. హారన్ కూడా కొట్టలేదు. పద్నాలుగో నంబరు బస్సు తిరిగే మలుపే తిరిగి, అది ఆగవలసిన చోటికే నేరుగా పోనిచ్చారు. ఇసకలో తొమ్మిదిమంది పిల్లలు గూళ్ళు కడుతున్నారు. బల్లల మీద కూర్చున్న తల్లులు లేచి అరిచారు, ఆయనకు వినబడలేదు. డిపోలో ఎప్పుడూ ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు.

వెనక సీట్లో పిల్ల విజిల్ ఊదింది. ఒక్కసారి.

కారు ఆగింది. ఇసక గుంట గట్టు మీద ముందు చక్రం ఆగిపోయింది. దాని ముందు జానెడు దూరంలో ఒక పిల్లవాడి బకెట్టు బోర్లించి ఉంది. పిల్లవాడు బకెట్టు వెనక ఉన్నాడు.

తాత దిగారు. గూళ్ళను చూశారు, ఊయలలను చూశారు, పిల్లల్ని ఒక్కొక్కరినీ లెక్కపెట్టినట్టు చూశారు. అప్పుడప్పుడూ మబ్బు చీలి ఎండ పడినట్టు ఆయనకు అన్నీ తెలిసే ఘడియలు ఉంటాయని కూతురు చెప్పేది. అటువంటిదే వచ్చిందేమో. ఆయన గట్టు మీద కూలబడి, “ఇది డిపో కాదు కదమ్మా?” అని మనవరాలిని అడిగారు. కాదు తాతయ్యా, పార్కు అంది పిల్ల. ఆయన జేబులోంచి కాగితం, పెన్నూ తీసి అక్కడే కూర్చుని ఏదో రాసుకున్నారు. కారు అక్కడే వదిలేసి, పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచి వెళ్ళారు.

మర్నాడు పిల్లకు బడి లేదు. పదీ ఇరవైకి ఇద్దరూ నా కిటికీ ముందు ఉన్నారు. నడిచే వచ్చారు. దారి చెప్పడానికి మనవరాలిని వెంటబెట్టుకొచ్చారు. తాత లైసెన్సూ, ప్లాస్టిక్ అట్ట వేసిన పత్రమూ కిటికీలోంచి లోపలికి తోసి, జేబులోని కాగితం తీసి చదివారు. ‘నిన్న పార్కులోకి బండి పోనిచ్చాను. పిల్లలున్నారు. లైసెన్సు ఇచ్చెయ్యాలి. మర్చిపోకు.’ కింద సంతకం, తేదీ కూడా ఉన్నాయి. దారిలో మూడుసార్లు ఆగి చదువుకున్నారని పిల్ల చెప్పింది.

“తీసేసుకోండి బాబూ,” అన్నారు తాత. “నాకు మరుపొస్తోంది.”

ఇలా తనంతట తాను వచ్చి లైసెన్సు ఇచ్చేసినవాళ్ళు ఇంతవరకూ లేరు కాబట్టి దానికి ఫారం లేదు. నేను పెద్దసారును పిలిచాను. పెద్దసారు కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు.

“మరుపొస్తోందని మీకు గుర్తుందా?”

“ఉందండీ.”

“మరింకేం! మరుపున్నవాడికి ఆ సంగతే గుర్తుండదు. తేదీ వేశారు, సంతకం పెట్టారు, వెతుక్కుంటూ వచ్చారు. మీరు నిక్షేపంగా ఉన్నారు. ఇది వెనక్కి తీసుకుంటే మేం పెట్టిన పరీక్ష తప్పని మేమే ఒప్పుకున్నట్టు కాదూ?” అని, ఎంతైనా దయగల మనిషి కనుక, మళ్ళీ ఆయనే అన్నారు, “మీకు అంత పట్టుదలగా ఉంటే తెల్లకాగితం మీద దరఖాస్తు ఇవ్వండి. ముప్పై రోజులు ఆలోచించుకోవడానికి గడువు. తర్వాత స్వయంగా వచ్చి, ఇదే మాట మళ్ళీ చెప్పండి. అప్పుడు చూద్దాం.”

“ముప్పై రోజులా?” తాత ఊచల దగ్గరికి వంగారు. “రేపు పొద్దుటికి ఇది నాకు గుర్తుండదు బాబూ. మళ్ళీ తాళంచెవి అడుగుతాను. ఇవాళ గుర్తుంది. ఇవాళే తీసుకో.”

నాకు సిగ్గేసింది. ఇరవై రెండేళ్ళలో నా కిటికీ ముందు ఇంత ఖచ్చితంగా మాట్లాడిన మనిషి లేడు. చెయ్యి చాపి తీసుకుంటే అయిపోయేది. పెద్దసారు నా వెనకే నిలబడి ఉన్నారు. నేను రెండు వేళ్ళతో లైసెన్సునూ పత్రాన్నీ బయటికి తోసి, “తర్వాతెవరండీ?” అన్నాను.

తర్వాత ఎవరూ లేరు. వెనక ఉన్నది మనవరాలే. “తాతయ్యా, నాకిచ్చెయ్,” అంది.

తాత ఆ పిల్ల వైపు తిరిగారు. లైసెన్సు ఇచ్చారు. చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి అదీ ఇచ్చారు. “సంచిలో పెట్టుకో కండక్టరమ్మా. నేనడిగినా ఇవ్వకు. తిట్టినా ఇవ్వకు. ఏడ్చినా ఇవ్వకు,” అన్నారు. పిల్ల సరేనంది.

ఆయన చెప్పినట్టే జరిగింది. మూడో రోజుకల్లా పార్కు సంగతి ఆయన మర్చిపోయారు. రోజూ నాలుగింటికి ఖాకీ చొక్కా వేసుకుని తాళంచెవి అడుగుతారు. పిల్ల ఇవ్వదు. తిడతారు, ఇవ్వదు. ఒక్కోరోజు నిజంగానే ఏడుస్తారు, అప్పుడు పిల్ల కూడా ఏడుస్తుంది, కానీ ఇవ్వదు. డాక్టరూ, మేమూ, బడీ, వీధీ కలిసి చేయలేకపోయిన పనిని మూడో తరగతి పిల్ల రోజూ సాయంత్రం ఒంటరిగా చేస్తోంది. స్టాపుల్లో జనం సర్వీసు ఎందుకు ఆపేశారని మాకు అర్జీ పెట్టుకున్నారు. దాన్ని పరిశీలిస్తున్నాం.

పిల్లల తల్లులు ఊరుకోలేదు కనుక విచారణ జరిగింది. పదిహేడుమంది సాక్షుల్ని పిలిచారు. చీటీ మీద ఏం రాశానో గుర్తులేదన్నాడు డాక్టరు. గేటు ఎవరు తీశారో గుర్తులేదన్నాడు వాచ్‌మన్. ఆ కారు ఎక్కినట్టే గుర్తులేదన్నారు ప్రయాణికులు. పరీక్ష ఎవరు పెట్టారో పెద్దసారుకు జ్ఞాపకం లేదు. మా వీధి కొట్టతను ఏడాదిన్నరగా రోజూ నాలుగింటికి సరుకుల బుట్టలన్నీ అరుగు మీదికి ఎత్తి పెట్టుకునేవాడు, ఎందుకంటే గుర్తులేదన్నాడు. ఎదురింటావిడ అదే వేళకు పిల్లల్ని కేకేసి లోపల పెట్టి గడియ వేసేది, ఆవిడకూ గుర్తులేదు.

నా వంతు వచ్చింది. విచారణాధికారి మా ఆఫీసు ఫోన్ల జాబితా ముందు పెట్టుకుని, “రోజూ పావు తక్కువ నాలుగింటికి మీ ఇంటికి ఒక ఫోన్ వెళ్తోంది. ఏడాదిన్నరగా. ఒక్క నిమిషం కూడా ఉండదు. ఏం చెప్పేవారు?” అని అడిగారు.

“పిల్లాణ్ణి లోపలికి పిలిచి తలుపెయ్యి, పద్నాలుగో నంబరు వచ్చే వేళయింది” అని చెప్పేవాణ్ణి. పరీక్ష జరిగిన రోజు కూడా, అర్హత పత్రం మీద నా చేత్తో ముద్ర వేశాక, మరిచిపోకుండా ఫోన్ చేశాను.

“గుర్తులేదండీ,” అన్నాను.

నివేదిక వచ్చింది. పదిహేడుమంది సాక్షుల్లో జరిగింది జరిగినట్టు చెప్పినవాడు ఒక్కడే, తాత. అదీ జేబులో కాగితం చూసి. పిల్లను చిన్నదనీ, కూతురినీ ఆ తల్లులనూ ఫిర్యాదుదారులనీ పిలవలేదు. మిగిలిన పదహారుమందికీ ఏమీ జ్ఞాపకం లేనందున ఎవరి మీదా చర్య అవసరం లేదని తేల్చారు. మా పదహారుమంది లైసెన్సులూ చెల్లుబాటులో ఉన్నాయి.

మీ వీధిలో సాయంత్రం ఏ వేళకు పిల్లల్ని లోపలికి పిలుస్తున్నారో, ఎందుకు పిలుస్తున్నారో ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. రాకపోతే కంగారుపడకండి. మా పద్ధతి ప్రకారం మీరు కూడా అర్హులే.